డిశ్చార్జి బుక్‌లో మెడల్ పడలేదా? రికార్డ్ ఆఫీసుతో ఇలా ఎక్కించుకోండి

మీ నాన్నగారో తాతగారో ఆర్మీలో చేసి వచ్చారు, ఇంట్లో పాత ఫొటోలో ఛాతీ మీద నాలుగైదు రిబ్బన్లు కనిపిస్తున్నాయి, తీరా డిశ్చార్జి బుక్ (సర్వీసు అయిపోయి వచ్చేటప్పుడు ఇచ్చే పుస్తకం) తెరిస్తే మెడల్స్ రాసే చోట రెండే ఉన్నాయి. ఇలాంటి ఇళ్లు మన రెండు రాష్ట్రాల్లోనూ చాలా ఉన్నాయండి. ఎక్కువమంది ఇప్పుడు ఎందుకులే, డబ్బులు వచ్చేదా ఏమన్నానా అని వదిలేస్తారు. దయచేసి వదలొద్దు. 1971లోనో కార్గిల్ అప్పుడో ఆ మనిషి అక్కడ ఉన్నాడని చెప్పే ప్రభుత్వ కాగితం అదొక్కటే, ఆయన పోయాక మనవలకి మిగిలేది కూడా అదే. కొన్ని అవార్డులకైతే నెలనెలా డబ్బు కూడా ఉంటుంది, అది కింద చెప్తాను.

ఇక్కడ చెప్పేది ఆర్మీలో జవాన్లు, ఎన్‌సీవోలు (నాయక్, హవల్దార్ లాంటివాళ్లు), జేసీవోల (నాయబ్ సుబేదార్ నుంచి పైవాళ్లు) గురించి. వీళ్ల సర్వీసు కాగితాలు దాచే ఆఫీసే రికార్డ్ ఆఫీసు. నేవీ సెయిలర్స్ అయితే ముంబైలోని బ్యూరో ఆఫ్ సెయిలర్స్‌కి, ఎయిర్‌ఫోర్స్ ఎయిర్‌మెన్ అయితే ఢిల్లీ సుబ్రొతో పార్క్‌లో ఉన్న ఎయిర్‌ఫోర్స్ రికార్డ్ ఆఫీసుకి రాయాలి, పద్ధతి దాదాపు ఇదే. ఆఫీసర్లవి రికార్డ్ ఆఫీసుల్లో ఉండవు, ఢిల్లీలో ఆర్మీ హెడ్‌క్వార్టర్స్‌లోనే ఉంటాయి. సీఆర్పీఎఫ్, బీఎస్ఎఫ్ వాళ్లది హోం శాఖ కింద వేరే వ్యవహారం, దీంతో కలపొద్దు.

అన్నిటికన్నా ముందు అసలు మెడల్ డిశ్చార్జి బుక్‌లోకి ఎలా వస్తుందో అర్థం చేసుకోండి, ఇది తెలియకే సగం అప్లికేషన్లు తిరిగొస్తాయి. మెడల్‌కి అర్హత రాగానే యూనిట్‌లో పార్ట్ టూ ఆర్డర్ (సైనికుడి సర్వీసు వివరాలు ఎక్కించే అధికారిక ఆర్డర్) పబ్లిష్ చేస్తారు. ఆ ఆర్డర్ రికార్డ్ ఆఫీసుకి వెళ్తుంది, అక్కడ ఆయన షీట్ రోల్‌లో, అంటే ఆయన అసలు సర్వీసు రికార్డులో, ఎంట్రీ పడుతుంది, పెన్షన్ వచ్చేటప్పుడు ఆ షీట్ రోల్ చూసుకుని క్లర్కు డిశ్చార్జి బుక్ రాస్తాడు. అంటే డిశ్చార్జి బుక్ అసలు రికార్డు కాదు, అసలు రికార్డులోంచి తీసి రాసిన పుస్తకం. మన పొలాలకి పట్టాదారు పాస్‌బుక్ మన చేతిలో ఉన్నా అసలు లెక్క ఎమ్మార్వో ఆఫీసులో ఉన్నట్టే ఇదీను, పాస్‌బుక్‌లో ఎంత దిద్దినా ఆఫీసులో మారకపోతే మారనట్టే. కాబట్టి మీరు అడగాల్సింది "మెడల్ ఇవ్వండి" అని కాదు, ఈ వరసలో ఏ లింకు తెగిందో కనిపెట్టి ఆ లింకు అతికించమని అడగాలి.

తెగేది మూడు చోట్ల. పార్ట్ టూ ఆర్డర్ ఉంది, షీట్ రోల్‌లో కూడా ఉంది, డిశ్చార్జి బుక్ రాసేటప్పుడు వదిలేశారు అంటే అది చాలా తేలిక. ఆర్డర్ పబ్లిష్ అయింది కానీ షీట్ రోల్‌లో ఎక్కలేదు అంటే కొంచెం పని. అసలు పార్ట్ టూ ఆర్డరే పడలేదు అంటే మాత్రం అర్హత మీరే కాగితాలతో చూపించాలి, కష్టమే కానీ జరగనిది కాదు. వేరే యూనిట్‌కి అటాచ్‌మెంట్ మీద వెళ్లినవాళ్లు, గాయపడి హాస్పిటల్‌లో ఉండిపోయినవాళ్లు, యుద్ధ ఆపరేషన్ ముగిసిన వెంటనే పోస్టింగ్ మారినవాళ్లు, వీళ్లవే ఎక్కువ తప్పిపోతాయి, ఎందుకంటే ఉన్న యూనిట్ వాళ్లది సొంత యూనిట్ వేస్తుందిలే అనుకుంటుంది, సొంత యూనిట్‌ వాళ్లు ఆయన ఇక్కడ లేడు కదా అనుకుంటారు.

ఇంకోటి కూడా చూడండి, ఇది చాలామంది పట్టించుకోరు. హవల్దార్ నుంచి నాయబ్ సుబేదార్ అయినప్పుడు ఆర్మీ నంబర్ మారుతుంది, జేసీ అని మొదలయ్యే కొత్త నంబర్ వస్తుంది. పాత నంబర్ మీద పబ్లిష్ అయిన మెడల్ కొత్త నంబర్ కింద వెతికితే దొరకదు. అలాగే ఆర్మీ నంబర్ చివర ఒక ఇంగ్లీషు అక్షరం ఉంటుంది, అది కూడా నంబర్‌లో భాగమే, ఆ అక్షరం వదిలేసి రాసినా తప్పు రాసినా మీ కాగితం పక్కన పడే ఛాన్స్ ఉంది. నాన్నగారికి రెండు నంబర్లు ఉంటే అప్లికేషన్‌లో రెండూ రాయండి.

ఇప్పుడు పని మొదలుపెడదాం. ఇంట్లో ట్రంకు పెట్టె దింపి ఉన్న కాగితాలన్నీ బయటకి తీయండి. డిశ్చార్జి బుక్, పీపీవో (పెన్షన్ మంజూరు ఆర్డర్), పాత పే బుక్, మూవ్‌మెంట్ ఆర్డర్లు, లీవ్ సర్టిఫికెట్లు, హాస్పిటల్ కాగితాలు, యూనిట్ గ్రూప్ ఫొటోలు, ఇంటికి రాసిన ఉత్తరాల కవర్లు కూడా పారేయొద్దు, కవర్ మీద 56 ఏపీవో, 99 ఏపీవో (ఆర్మీ పోస్టాఫీసు) అని ముద్ర, తేదీ ఉంటాయి. ఏపీవో ముద్ర ఒక్కటే ఏ ఊళ్లో ఉన్నాడో చెప్పదు కానీ యూనిట్ పేరు, తేదీతో కలిపితే పనికొస్తుంది. లీవ్ సర్టిఫికెట్‌ని చాలామంది చిత్తు కాగితం కింద చూస్తారు, నా దృష్టిలో అది బంగారం, ఎందుకంటే దాంట్లో యూనిట్ పేరు, తేదీలు, సంతకం పెట్టిన ఆఫీసర్, యూనిట్ గుండ్రటి స్టాంపు అన్నీ ఒకేచోట ఉంటాయి. ప్రతిదాన్నీ ఫోన్‌తో కాకుండా స్కానర్ మీద స్కాన్ చేయించండి, పాత సిరా వెలిసిపోయి ఉంటుంది.

డిశ్చార్జి బుక్‌లో మాత్రం మీ చేత్తో ఒక్క అక్షరం రాయొద్దు. పెన్నుతో ఖాళీలో మెడల్ పేరు చేర్చేసి సంతకం పెట్టించుకుందాం అనుకుంటారు కొందరు, అది ట్యాంపరింగ్ కింద వస్తుంది, నిజంగా రావాల్సిన మెడల్ కూడా అనుమానంలో పడిపోతుంది.

తర్వాత ఏ మెడల్స్ రావాలో లెక్క వేసుకోండి. ఇది ఓపిగ్గా కూర్చుని చేయాల్సిన పని, నాన్నగారు బతికుంటే పక్కన కూర్చోబెట్టుకుని ఏ సంవత్సరం ఎక్కడ ఉన్నారో ఒక తెల్లకాగితం మీద వరసగా రాయించండి, చేరిన తేదీ నుంచి సర్వీసు వదిలి వచ్చిన తేదీ దాకా.

తేదీని బట్టి వచ్చేవి కొన్ని. 1972 ఆగస్టు 15న సర్వీసులో ఉన్నవాళ్లకి 25వ స్వాతంత్ర్య వార్షికోత్సవ మెడల్, 1997 ఆగస్టు 15న ఉన్నవాళ్లకి 50వది, 2022లో ఉన్నవాళ్లకి 75వది. 1971 డిసెంబర్ 3 నుంచి 1972 డిసెంబర్ 20 మధ్య సర్వీసులో ఉన్నవాళ్లకి సంగ్రామ్ మెడల్, సరిహద్దులోనే ఉండాలని లేదు. 1965 యుద్ధకాలంలో సర్వీసులో ఉన్నవాళ్లకి రక్షా మెడల్. ఆ పైన 9 ఏళ్లు, 20 ఏళ్లు, 30 ఏళ్ల లాంగ్ సర్వీస్ మెడల్స్. ఇవి తప్పిపోతే నిరూపించడం తేలిక, చేరిన తేదీ, వచ్చిన తేదీ డిశ్చార్జి బుక్ మొదటి పేజీల్లోనే ఉంటాయి. కాకపోతే లీవు దాటి ఉండిపోయిన రోజులు లాంటివి ఉంటే సర్వీసు లెక్కలోంచి పోతాయి, సరిగ్గా తొమ్మిదేళ్ల గీత దగ్గర ఉన్నవాళ్లు అది చూసుకోవాలి.

స్థలాన్ని బట్టి వచ్చేవి ఇంకొన్ని, గొడవంతా వీటి దగ్గరే. 1971లో తూర్పు వైపు ఆపరేషన్లలో ఉన్నవాళ్లకి పూర్వీ స్టార్, పడమటి వైపు ఉన్నవాళ్లకి పశ్చిమీ స్టార్. 1965లో యుద్ధ ప్రాంతంలో ఉన్నవాళ్లకి సమర్ సేవా స్టార్. కార్గిల్‌కి రెండు ఉన్నాయి, ఒకటి ఆపరేషన్ విజయ్ స్టార్, ఇంకోటి ఆపరేషన్ విజయ్ మెడల్, స్టార్ యుద్ధం జరిగిన చోట ఉన్నవాళ్లకి, మెడల్ ఆ ఆపరేషన్ కోసం కదిలిన మిగతావాళ్లకి కూడా. పార్లమెంటు మీద దాడి తర్వాత 2001 చివర్లో సరిహద్దుకి కదిలినవాళ్లకి ఆపరేషన్ పరాక్రమ్ మెడల్. ఐపీకేఎఫ్‌లో (శ్రీలంకకి పంపిన భారత శాంతి దళం) వెళ్లొచ్చినవాళ్లకి శ్రీలంక క్లాస్ప్‌తో స్పెషల్ సర్వీస్ మెడల్, క్లాస్ప్ అంటే ఏంటో కింద చెప్తాను. సియాచిన్ గ్లేసియర్ మెడల్, ఎత్తు ప్రాంతాలకి హై ఆల్టిట్యూడ్ మెడల్, కశ్మీర్, ఈశాన్యం, ఎడారి లాంటి చోట్లకి సైన్య సేవా మెడల్. శత్రువు దెబ్బకి గాయపడినవాళ్లకి వూండ్ మెడల్, దాన్నే పరాక్రమ్ పదక్ అంటారు, దీనికి మెడికల్ కాగితం తప్పనిసరి.

క్లాస్ప్ సంగతి మర్చిపోవద్దు. మెడల్ రిబ్బన్ మీద పెట్టే చిన్న పట్టీ అది, ప్రాంతం పేరు ఉంటుంది. డిశ్చార్జి బుక్‌లో సైన్య సేవా మెడల్ అని ఉండి పక్కన జమ్మూ కశ్మీర్ అని క్లాస్ప్ ఉంటుంది, కానీ తర్వాత ఈశాన్యంలో చేసిన సర్వీసుకి రావాల్సిన క్లాస్ప్ ఉండదు. మెడల్ ఉంది కదా అని మనవాళ్లు చూడరు. చూడండి.

గ్యాలంట్రీ అవార్డులది, అంటే ధైర్యసాహసాలకి ఇచ్చేవాటిది, పూర్తిగా వేరే కథ. పరమవీర చక్ర నుంచి సేనా మెడల్ దాకా అన్నీ భారత ప్రభుత్వ గెజిట్‌లో వస్తాయి, మెన్షన్ ఇన్ డిస్పాచెస్ కూడా, మామూలుగా జనవరి 26కో ఆగస్టు 15కో ప్రకటిస్తారు. గెజిట్ కాపీ సంపాదిస్తే ఇంక వాదనే లేదు. ఆర్మీ చీఫ్ కమెండేషన్ కార్డు గెజిట్‌లో ఉండదు, దానికి కార్డే సాక్ష్యం. డబ్బు ఉండేది ఇక్కడే: 2017లో పెంచిన రేట్ల ప్రకారం నెలకి పరమవీర చక్రకి 20,000, అశోక చక్రకి 12,000, మహావీర చక్రకి 10,000, కీర్తి చక్రకి 9,000, వీర చక్రకి 7,000, శౌర్య చక్రకి 6,000, గ్యాలంట్రీ కింద ఇచ్చిన సేనా మెడల్‌కి 2,000 రూపాయలు. ఆయన తర్వాత భార్యకి కూడా వస్తుంది. రాష్ట్ర ప్రభుత్వాలు ఇచ్చేది దీనికి అదనం. సేనా మెడల్ గ్యాలంట్రీకీ ఇస్తారు, విశిష్ట సేవకీ ఇస్తారు, రికార్డులో ఏదని రాశారో చూసుకోండి, ఆ ఒక్క మాట తప్పితే అలవెన్స్ ఆగిపోతుంది. ఒక విషయం మనసు గట్టి చేసుకుని వినాలి: ఆ రోజుల్లో అవార్డు ప్రకటించకపోతే, నాన్నగారు ఎంత ధైర్యం చేసినా సరే, ఈ దారిలో ఇప్పుడు గ్యాలంట్రీ అవార్డు రాదు. రికార్డ్ ఆఫీసు అప్పటికే ప్రకటించిన అవార్డుని ఎక్కిస్తుంది అంతే, కొత్తగా అవార్డు ఇవ్వడం దాని చేతిలో లేదు.

లెక్క తేలాక ఏ రికార్డ్ ఆఫీసో చూసుకోండి. ఊరిని బట్టి కాదు, ఆయన రెజిమెంట్ లేదా కోర్‌ని బట్టి. మన అదృష్టం ఏంటంటే ఆర్డ్‌నెన్స్ కోర్, ఈఎంఈ (ఆర్మీ వాహనాలు, యంత్రాల రిపేర్లు చూసే కోర్) రెండిటి రికార్డ్ ఆఫీసులూ సికింద్రాబాద్‌లోనే ఉన్నాయి. ఆర్టిలరీ అయితే నాసిక్ రోడ్ క్యాంప్, హైదరాబాద్ గోల్కొండలో ఉన్నది ట్రైనింగ్ సెంటర్, రికార్డులు అక్కడ ఉండవు, చాలామంది అక్కడికెళ్లి తిరిగొస్తుంటారు. మద్రాస్ రెజిమెంట్‌కి నీలగిరుల్లో వెల్లింగ్టన్, మద్రాస్ ఇంజనీర్ గ్రూప్‌కి బెంగళూరు, సిగ్నల్స్‌కి జబల్‌పూర్, మెడికల్ కోర్‌కి లక్నో, ఆర్మర్డ్ కోర్‌కి అహ్మద్‌నగర్ (ఇప్పుడు అహిల్యానగర్). రిటైరయ్యాక మళ్లీ డీఎస్సీలో (డిఫెన్స్ సెక్యూరిటీ కోర్) చేరినవాళ్లకి ఆ సర్వీసు రికార్డు కన్నూరులో ఉంటుంది, మొదటి సర్వీసుది పాత కోర్ దగ్గరే ఉంటుంది, మెడల్ ఏ సర్వీసులో వచ్చిందో ఆ ఆఫీసుకే రాయాలి.

వెంటనే కరెక్షన్ అడగకండి. ముందు షీట్ రోల్ కాపీ, మెడల్స్‌కి సంబంధించిన పార్ట్ టూ ఆర్డర్ల కాపీలు అడగండి. మామూలు ఉత్తరం రాసినా ఇస్తారు, ఇవ్వకపోతే ఆర్టీఐ వేయండి, ఫీజు 10 రూపాయలు, ఆన్‌లైన్‌లో కూడా వేయొచ్చు, 30 రోజుల్లో జవాబు రావాలి. రాకపోతే ఫస్ట్ అప్పీల్, అక్కడా కాకపోతే సెంట్రల్ ఇన్ఫర్మేషన్ కమిషన్. ఆర్టీఐ సైనికుడి పేరు మీదే వేయండి, ఆయన లేకపోతే అమ్మగారి పేరు మీద, ఎందుకంటే బయటివాళ్లు అడిగితే పర్సనల్ ఇన్ఫర్మేషన్ అని తిప్పికొడతారు. ప్రశ్నలు చిన్నగా, కాగితం పేరుతో అడగండి. "మా నాన్నకి మెడల్ ఎందుకు ఇవ్వలేదు" అని ఆర్టీఐలో అడిగితే జవాబు రాదు. "ఫలానా నంబర్, ఫలానా ర్యాంకు, ఫలానా పేరు గల వ్యక్తి షీట్ రోల్‌లో మెడల్స్ ఎంట్రీల కాపీ, వాటి పార్ట్ టూ ఆర్డర్ నంబర్లు, తేదీలు ఇవ్వగలరు" అని అడిగితే వస్తుంది.

ఒక్కోసారి డాక్యుమెంట్లు లేవు, నాశనం చేశాం అని జవాబు వస్తుంది. పెన్షన్ లేకుండా బయటకి వచ్చినవాళ్ల సర్వీసు కాగితాలు 25 ఏళ్ల తర్వాత తీసేయొచ్చని ఆర్మీ రెగ్యులేషన్స్‌లో 595వ పేరాలో ఉంది. ఆ జవాబు చూసి ఆగిపోకండి. లాంగ్ రోల్ అని ఒక రిజిస్టర్ ఉంటుంది, అందులో క్లుప్తంగా వివరాలు ఉంటాయి, దాని కాపీ అడగండి. ఆ పైన అదే యూనిట్‌లో అదే సమయంలో చేసినవాళ్లని వెతకండి, ఒకే యూనిట్, ఒకే కంపెనీ, ఒకే నెలల్లో ఉన్న ఇద్దరు ముగ్గురి డిశ్చార్జి బుక్కుల్లో ఆ మెడల్ ఉంటే, వాటి కాపీలు, వాళ్ల అఫిడవిట్లు బలమైన సాక్ష్యం. రెజిమెంట్ రీయూనియన్‌లు, ఈసీహెచ్ఎస్ (మాజీ సైనికుల వైద్య పథకం) పాలీక్లినిక్ క్యూలు, జిల్లా మాజీ సైనికుల సంఘాలు, ఇవే వాళ్లు దొరికే చోట్లు. 1971 వాళ్లు ఇప్పుడు డెబ్బైల్లో ఎనభైల్లో ఉన్నారు, ఈ పని మాత్రం వచ్చే ఏడాది చూద్దాం అనుకోవద్దు.

కాగితాలు చేతికొచ్చాక అప్లికేషన్ రాయండి, ఇంగ్లీషులో గానీ హిందీలో గానీ, ఒక్క పేజీ దాటకుండా. పైన ఆర్మీ నంబర్, ర్యాంకు, పేరు, యూనిట్, చేరిన తేదీ, డిశ్చార్జి తేదీ, పీపీవో నంబర్. పేరు డిశ్చార్జి బుక్‌లో ఎలా ఉందో అక్షరం పొల్లుపోకుండా అలాగే, ఆధార్‌లో ఇంటి పేరు ముందుండి అక్కడ వెనకుంటే అక్కడిదే రాయండి. తర్వాత పేరా ఏ మెడల్ లేదో, ఏ క్లాస్ప్ లేదో. ఆ తర్వాత ఎందుకు రావాలో: ఫలానా తేదీ నుంచి ఫలానా తేదీ దాకా ఫలానా యూనిట్‌తో ఫలానా చోట ఉన్నారు, ఆధారం ఫలానా అనెగ్జర్ (జత చేసిన కాగితం). పార్ట్ టూ ఆర్డర్ నంబర్ దొరికితే దాన్ని అండర్‌లైన్ చేయండి, క్లర్కు మొదట వెతికేది అదే. చివర్లో రెండు విషయాలు విడివిడిగా అడగండి, ఒకటి సర్వీసు రికార్డులో ఎంట్రీ వేయడం, రెండోది డిశ్చార్జి బుక్‌లో ఎండార్స్ చేయడం (ఆఫీసు వాళ్లే రాసి సంతకం, స్టాంపు వేయడం) లేదా సవరణ లెటర్ ఇవ్వడం. రెండో మాట రాయకపోతే ఆఫీసులో ఎక్కించి మీకు ఏ కాగితమూ ఇవ్వకపోవచ్చు. ఆయన చనిపోయి ఉంటే డెత్ సర్టిఫికెట్, అమ్మగారి ఫ్యామిలీ పెన్షన్ కాగితం జత చేసి ఆవిడ సంతకంతో పంపండి.

నేరుగా స్పీడ్ పోస్ట్‌లో పంపొచ్చు, కానీ నేనైతే జిల్లా సైనిక సంక్షేమ కార్యాలయం ద్వారా పంపమంటాను. అక్కడ కాపీలు అటెస్ట్ చేసి కవరింగ్ లెటర్‌తో పంపుతారు, ఆ లెటర్ నంబర్ ఉంటే తర్వాత వెంటపడటం తేలిక. ఒరిజినల్స్ మొదట పంపొద్దు. ఎండార్స్ చేయడానికి ఒరిజినల్ డిశ్చార్జి బుక్ కావాలని రికార్డ్ ఆఫీసు అడిగితే అప్పుడు పంపండి, పంపే ముందు అట్ట నుంచి అట్ట దాకా ప్రతి పేజీ, ఖాళీ పేజీలతో సహా, కలర్ స్కాన్ తీసుకోండి. సికింద్రాబాద్ లాంటి దగ్గరి ఆఫీసు అయితే చేత్తో తీసుకెళ్లి చేత్తో తెచ్చుకోవడం మంచిది. రికార్డ్ ఆఫీసులో ఈ సవరణకి ఫీజు లేదు. వేలు ఇస్తే చేయిస్తాం అనే మధ్యవర్తులు తగులుతారు, వాళ్ల చేతిలో ఒరిజినల్స్ పెట్టకండి.

జవాబు రాకపోతే రెండు నెలలకోసారి రిమైండర్, పాత లెటర్ నంబర్ వేసి. దానికీ కదలకపోతే ఢిల్లీలోని డైరెక్టరేట్ ఆఫ్ ఇండియన్ ఆర్మీ వెటరన్స్‌కి కాపీలతో రాయండి. కుదరదని రాసిచ్చారంటే కారణం చదవండి, "ఆధారం లేదు" అంటే ఇంకో కాగితం వెతకాలి, "అర్హత లేదు" అంటే ఏ రూల్ ప్రకారమో అడగాలి. చివరి దారి ఆర్మ్‌డ్ ఫోర్సెస్ ట్రైబ్యునల్, మనకి చెన్నై బెంచ్. కుదరదన్న ఆర్డర్ వచ్చిన ఆరు నెలల్లో వెళ్లాలి, మీ అర్జీకి ఆరు నెలలు జవాబే లేకపోతే ఆ తర్వాత ఇంకో ఆరు నెలలు టైమ్ ఉంటుంది, ఆలస్యమైతే కారణం చూపించి మాఫీ అడగొచ్చు. అందుకే పంపిన ప్రతి దాని పోస్టల్ రసీదు దాచమనేది. గ్యాలంట్రీ అలవెన్స్ ఆగిన కేసు అయితే ట్రైబ్యునల్ దాకా వెళ్లడానికి వెనకాడొద్దు. ఒక్క సర్వీస్ మెడల్ కోసం అయితే ముందు రికార్డ్ ఆఫీసుతోనే ఇంకోసారి గట్టిగా ప్రయత్నించండి.

సవరణ లెటర్ వచ్చాక కూడా పని ఉంది. గ్యాలంట్రీ అవార్డు అయితే పీపీవోలో కూడా ఎక్కాలి, రికార్డ్ ఆఫీసు ద్వారా ప్రయాగ్‌రాజ్ పెన్షన్ ఆఫీసు నుంచి సవరించిన పీపీవో రావాలి, స్పర్శ్‌లో (రక్షణ శాఖ పెన్షన్ పోర్టల్) లాగిన్ అయి చూసుకుంటూ ఉండండి, బకాయిలు ఏ తేదీ నుంచి లెక్కేశారో కూడా చూడండి. మెడల్ చేతికి రావడం వేరే విషయం, సర్వీస్ మెడల్స్ ఏళ్ల తరబడి పెండింగ్ ఉంటాయి, అర్హత రికార్డులో ఉన్నప్పుడు రిబ్బన్, నమూనా మెడల్ బయట కొని పెట్టుకునేవాళ్లే ఎక్కువ, తిరుమలగిరి లాల్ బజార్‌లో మిలిటరీ సామాన్ల షాపుల్లో దొరుకుతాయి. అసలు మెడల్ కోసం రికార్డ్ ఆఫీసుకి విడిగా ఇంకో అర్జీ పెట్టండి, సవరణ లెటర్ కాపీ దానికి జత చేసి. ఇంకో కాపీ జిల్లా సైనిక సంక్షేమ కార్యాలయంలో ఇచ్చి, అక్కడ నాన్నగారి రిజిస్ట్రేషన్ వివరాల్లో కూడా మెడల్ చేర్పించి రసీదు తీసుకోండి.